శోధన రాకముందు గంట: విశ్వాసంలో నిలబడాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

కందుకూరు దగ్గరి మా పల్లె సంఘంలో కానుకల లెక్క కొన్నేళ్లు నా చేతిలో ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక సంచి నేనే ఇంటికి తీసుకువెళ్లి, వీలు చిక్కిన రోజున బ్యాంకులో జమ చేసేవాణ్ని. ఒక ఏడు శనగ చేనుకు మందు కొట్టవలసిన అదనులో చేతిలో డబ్బు లేక, ఆ సంచిలోంచి 4,000 రూపాయలు తీసుకున్నాను. తొమ్మిది రోజుల తరువాత పైసా తగ్గకుండా తిరిగి పెట్టాను. ఎవరికీ తెలియలేదు. ఆ తొమ్మిది రోజులూ నేను ప్రార్థన మానలేదు, ఇంకా ఎక్కువే చేశాను. నేను ఓడిపోయింది సంచి విప్పిన బుధవారం రాత్రి కాదనీ, దాన్ని ఒంటరిగా ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టిన ఆదివారం నాడేననీ నాకు తెలిసిరావడానికి చాలాకాలం పట్టింది.

ఈ మార్గదర్శికి మూలం ఆ గ్రహింపే. ఆదివారం కన్నీళ్లతో మోకరించి, గురువారం అదే పాపంలో పడి, మళ్లీ ఆదివారం మరింత కన్నీళ్లతో మోకరించే విశ్వాసులను నేను చాలామందిని చూశాను. వారి భక్తిలో కపటం లేదు. అయితే శోధన మీదికి వచ్చి పడిన క్షణంలోనే దానితో తలపడాలని వారు అనుకుంటున్నారు. ఆ క్షణానికి మనసు అప్పటికే సగం ఒప్పుకుని ఉంటుంది. పోరాడవలసినది దానికి ముందు గంటలో.

ముందుగా తేటపరచుకోవలసిన మాట

మన తెలుగు బైబిలులో "శోధన" అనే మాట రెండు అర్థాలలో వస్తుంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలోనే రెండూ కనబడతాయి. నానావిధములైన శోధనలలో పడునప్పుడు అది మహానందమని యెంచుకొనుడని 2వ వచనంలో చెప్పినప్పుడు అది విశ్వాసానికి కలిగే పరీక్ష. దేవుడు ఎవనినీ శోధింపడని 13వ వచనంలో చెప్పినప్పుడు అది పాపం వైపు లాగే ఆకర్షణ. ఈ తేడా తెలియకపోతే, దురాశ తెచ్చిన కష్టాన్ని దేవుడు పెట్టిన పరీక్షగా చెప్పుకుంటాం, లేదా దేవుడు అనుమతించిన కష్టాన్ని మన పాపానికి శిక్షగా తలచి కుంగిపోతాం.

శోధింపబడడమే పాపం కాదు. ప్రభువు సమస్త విషయములలోను మనవలెనే శోధింపబడినను పాపము లేనివాడుగా ఉండెనని హెబ్రీ పత్రిక 4వ అధ్యాయం చెబుతుంది. చెడు తలంపు వచ్చినందుకే తాము రక్షణ కోల్పోయామేమోనని భయపడే యవనస్థులు ఈ మాటను గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే ఆ భయమే కొందరిని "ఎలాగూ పడిపోయాను కదా" అనిపించి నిజమైన పతనానికి తోస్తుంది.

మొదటి మెట్టు: మీ శోధనకు వేళ, చోటు రాసిపెట్టండి

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని రెండు వారాలపాటు, శోధన కలిగిన ప్రతిసారీ, పడినా నిలబడినా, నాలుగు సంగతులు రాయండి: ఏ వేళ, ఏ చోట, పక్కన ఎవరున్నారు, అంతకు ముందు గంటలో ఏం జరిగింది. పాపం పేరు రాయనక్కరలేదు, అది మీకు తెలుసు. నాలుగవ సంగతిని మాత్రం ఎప్పుడూ వదలవద్దు.

ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే యువకుడిని తీసుకోండి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది కనుక అతడు రాత్రంతా మేలుకుని నీటికి గాలి అందించే ఏరియేటర్లను కనిపెట్టుకుని ఉండాలి. ఊరు దూరం, తోడు లేదు, షెడ్డులో చాప, చేతిలో ఫోన్. అతడు పాస్టరుగారి దగ్గరకు వచ్చి "అయ్యగారూ, నాకు చెడు చూపు ఉంది, ప్రార్థన చేయండి" అంటే ఆ మాట నిజమే గాని చాలదు. నోటుపుస్తకంలో రాస్తే అది "రాత్రి రెండు గంటలు, షెడ్డు, ఒంటరిగా, అంతకు ముందు గంట నిద్ర ఆపుకోవడానికి వీడియోలు చూస్తూ ఉన్నాను" అవుతుంది. ఇప్పుడు చేయవలసిన పని కంటికి కనబడుతోంది.

పొగాకు రైతుకు ఆ గంట వేరుగా ఉంటుంది. నెలల తరబడి ఆకు కాల్చే బ్యారన్ దగ్గర నిద్రకాచి, ఆకు గ్రేడు చేసి, బేళ్లు వేలం కేంద్రానికి తోలి, మంచి ధర పలికిన రోజు సాయంత్రం తోటి రైతులతో కలిసి ఇంటికి వస్తున్నప్పుడు, దారిలోని మద్యం దుకాణం దగ్గర బండి దానంతటదే ఆగుతుంది. శోధన కష్టంలో మాత్రమే వస్తుందనుకోవడం పొరపాటు. అలసట తీరిన వేళలో, గెలిచిన సంతోషంలో అది మరింత చనువుగా వస్తుంది. ప్రభువును అపవాది సమీపించింది 40 దినాల ఉపవాసం తరువాత ఆకలివేళ. దావీదు పడిపోయింది మాత్రం రాజులు యుద్ధానికి వెళ్లే కాలంలో, తాను యెరూషలేములో విశ్రాంతిగా ఉండి, ప్రొద్దుగుంకువేళ మిద్దె మీద తిరుగుతున్నప్పుడు.

అందరూ చేసే పాపం శోధనగా కనబడదు కనుక నోటుపుస్తకంలోకి ఎక్కదు. కట్నం అటువంటిది. అది 1961 నుంచి చట్టవిరుద్ధమైనా, సంఘంలో పెళ్లిచూపుల మాటలు ప్రార్థనతో మొదలై బేరంతో ముగియడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ గదిలో కూర్చున్న పెద్దలలో ఒక్కరికీ తాము శోధనలో ఉన్నామన్న స్పృహ ఉండదు. కాబట్టి రెండు వారాలు ముగిశాక, "నేను రాయడానికి తోచనిది ఏమైనా ఉందా?" అని ప్రభువును అడిగి ఒక పేజీ ఖాళీగా వదలండి.

రెండవ మెట్టు: ముందు గంటను మార్చండి

దావీదు పతనాన్ని 2 సమూయేలు 11వ అధ్యాయంలో నెమ్మదిగా చదివితే అది ఒక్క అడుగు కాదని తెలుస్తుంది. ఆయన ఒక స్త్రీని చూశాడు, ఎవరని విచారించాడు, మనుషులను పంపాడు, ఆ తరువాతే పాపం జరిగింది. ఆమె ఊరియా భార్య అన్న జవాబు రెండవ అడుగులోనే వచ్చింది, అప్పుడైనా ఆగవచ్చు. యాకోబు కూడా ఇదే వరుస చెబుతాడు: దురాశ ఈడుస్తుంది, మరులు కొలుపుతుంది, గర్భము ధరిస్తుంది, పాపాన్ని కంటుంది. మీ నోటుపుస్తకంలో ఈ వరుసను వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, ఏ అడుగు దగ్గర మీకు ఇంకా తేలికగా తిరగగలిగే శక్తి ఉందో గుర్తించి, అక్కడ మార్పు చేయండి.

రొయ్యల గుంట కాపలావానికి ఆ మార్పు ఏమిటంటే, రాత్రి పనికి ఇంటర్నెట్ లేని చిన్న ఫోన్ మాత్రమే తీసుకువెళ్లడం, నిద్ర ఆపుకోవడానికి రేడియోనో కీర్తనలు నింపిన మెమరీ కార్డునో పెట్టుకోవడం, పక్క గుంట కాపలావానితో గంటకొకసారి పలకరింపు ఏర్పాటు చేసుకోవడం. పొగాకు రైతుకు, వేలం డబ్బు జమ అయ్యే ఖాతా ఏటీఎం కార్డు ఆ రోజు భార్య దగ్గర వదిలి, తిరుగు ప్రయాణం వేరే దారిలో, తాగని తోడుతో చేయడం. క్రికెట్ పందేలకు, ఆన్‌లైన్ రమ్మీకి అలవాటుపడ్డవారికి మాటలతో పని జరగదు. 2020లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. అయినా ఫోన్‌లో దారి దొరుకుతూనే ఉంది కనుక, యాప్‌లు తీసేయడంతో ఆగకుండా, బ్యాంకుకు వెళ్లి రోజువారీ చెల్లింపు పరిమితిని కూరగాయల ఖర్చుకు సరిపోయేంతకు తగ్గించుకోవాలి, అప్పులెంతో ఇంట్లో చెప్పేయాలి. దాచిన అప్పే తరువాతి పందేనికి కారణమవుతుంది.

ఈ మార్పులకు వెల ఉంటుంది. యోసేపు పోతీఫరు ఇంట్లో వస్త్రం వదిలి పారిపోయాడు, దానితోపాటు ఉద్యోగమూ పోయింది, పేరూ పోయింది, చెరసాల మిగిలింది. మీ మార్పువల్ల మీకు ఏమీ పోవడం లేదంటే మీరు ఇంకా అసలు అడుగు దగ్గరకు రాలేదని నా అభిప్రాయం.

యోసేపు సంగతి వచ్చింది గనుక మరొకటి చెప్పాలి. అతనిని బలవంతపెట్టింది యజమాని భార్య. పనిచేసే చోట పైవారు, ఇంట్లో బంధువు, చివరకు సంఘంలో పెద్ద అయినా సరే, ఒకరు తమ అధికారంతో మరొకరిని వేధిస్తుంటే, దానిని బాధితురాలి "శోధన"గా పిలిచి సహించమని బోధించడం తప్పు. అది ఎదుటివారి నేరం. నమ్మదగినవారికి వెంటనే చెప్పి, చట్టం సహాయం తీసుకోవాలి.

మూడవ మెట్టు: పెద్ద మొక్కుబడి వద్దు, చిన్న నియమం చాలు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం పెద్ద పెద్ద తీర్మానాలు చేస్తాం. "ఈ సంవత్సరం పరిశుద్ధంగా జీవిస్తాను" అన్న తీర్మానం సంక్రాంతి దాకా నిలబడడం కష్టం. ఆ కోరిక మంచిదే, కానీ ఏ రోజు ఏ గంటకు అది తప్పిందో చెప్పలేని తీర్మానాన్ని నిలబెట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

మన ప్రాంత సంఘ చరిత్రలోనే దీనికి మేలైన మాదిరి ఉంది. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, పల్లెల్లో కొత్తగా విశ్వసించినవారి ముందు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదువు లేనివారు కూడా వాటిని గుర్తుంచుకోగలరు. తప్పితే తమకే తెలుస్తుంది, ఊరికి కూడా తెలుస్తుంది. అందుకే ఊరి పెద్దలనుంచి వారికి వెంటనే ఒత్తిడి వచ్చింది: ఆదివారం పనికి రాకపోతే పని పోయింది, జాతరలో డప్పు కొట్టము అన్నందుకు ఊరిలో నిలువనీడ కష్టమైంది. వారిని నిలబెట్టిన దైవబలం ఈ మూడు చిన్న గోడల లోపలే వారికి అనుభవానికి వచ్చింది.

మీ నియమం కూడా ఒకే వాక్యంలో ఉండాలి, తప్పినప్పుడు మీకు స్పష్టంగా తెలియాలి, మరొకరు చూసి చెప్పగలగాలి. "డబ్బు విషయంలో నమ్మకంగా ఉంటాను" అన్నది నియమం కాదు. "కానుకలను ఆరాధన జరిగిన చోటే ఇద్దరం లెక్కపెట్టి, పుస్తకంలో ఇద్దరం సంతకం చేస్తాం" అన్నది నియమం. "ఫోన్ జాగ్రత్తగా వాడతాను" కాదు, "రాత్రి తొమ్మిది తరువాత ఫోన్ వంటింట్లో ఛార్జింగుకు పెడతాను." ఒకేసారి ఒకటి, గరిష్ఠం మూడు. నేను పది నియమాలు పెట్టుకున్న నెలలో ఒక్కటీ నిలవలేదు.

నాలుగవ మెట్టు: వాక్యాన్ని శోధనకు జతపరచి కంఠతా పట్టండి

ఆదివారపు బడిలో కంఠత వాక్యాలు నేర్చిన తరం మనది. అయితే గుర్తున్న వాక్యాలలో చాలా భాగం వాగ్దానాలే. శోధన వేళకు కావలసినది జవాబు. ప్రభువు అరణ్యంలో చెప్పిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండము 6, 8 అధ్యాయాలలోనివి. ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఎక్కడ ఓడిపోయారో ఆ సందర్భాలకు చెందినవి. అంటే ఆయన దొరికిన వాక్యాన్ని చెప్పలేదు, తగిన వాక్యాన్ని చెప్పాడు. అపవాది కూడా 91వ కీర్తనను ఎత్తి చెప్పాడు గనుక, వాక్యాన్ని దాని ముందు వెనుకలతో సహా చదివి నేర్చుకోవాలి.

ధాన్యం కాటా దగ్గర కూర్చునే దళారి ఒకరు మన సంఘ సభ్యుడే అనుకుందాం. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. తేమ పేరు చెప్పి, తరుగు పేరు చెప్పి పుట్టికి మరికొన్ని కిలోలు లాగడం ఆ వృత్తిలో అతి సులభం. అతనికి కావలసిన వాక్యం సామెతలు 11:1: "దొంగత్రాసు యెహోవాకు హేయము." దానిని ఇంటి గోడ మీద కాదు, కాటా పుస్తకం అట్ట లోపల రాసుకోవాలి. చూపు విషయంలో పోరాడేవారికి యోబు 31:1 ఉంది, అక్కడ యోబు తన కన్నులతో నిబంధన చేసుకున్నానంటాడు. ఏ వాక్యం జతపరచాలో తెలియనివారు 1 కొరింథీయులకు 10:13తో మొదలుపెట్టవచ్చు. అక్కడ దేవుడు శోధనతో కూడ తప్పించుకొను మార్గమును కలుగజేయునని ఉంది. "శోధనతో కూడ" అన్న మాటను గమనించండి. ఆ గదిలోకి శోధన వచ్చినప్పుడు ద్వారం కూడా అక్కడే ఉంటుంది. ఆ ద్వారం ఎటు ఉందో ముందు గంటలోనే చూసి ఉంచుకోవాలి.

ప్రార్థన కూడా అంతే. "మమ్మును శోధనలోకి తేక" అని ప్రభువు నేర్పినది ఇంకా రాని శోధనను గురించిన ప్రార్థన. గెత్సేమనేలో శిష్యులకు చెప్పినదీ అదే: శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థన చేయుడి. వారు నిద్రపోయిన ఆ గంట తరువాతి గంటలలోనే పేతురు చలిమంట దగ్గర బొంకాడు. మీ నోటుపుస్తకంలో కనబడిన వేళకు ఒక గంట ముందు ఫోన్‌లో అలారం పెట్టుకుని, రెండు నిమిషాలు పేరుపెట్టి ప్రార్థించండి.

ఐదవ మెట్టు: ఒక్క తోడును ఎంచుకోండి

మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడని యాకోబు 5:16 చెబుతుంది. పల్లెలో ఇది సులభం కాదు. శుక్రవారం ఉపవాస కూటంలో కన్నీళ్లతో చెప్పిన సాక్ష్యం శనివారానికి బోరింగు దగ్గర మాటల్లో పడుతుంది. కాబట్టి పదిమందికి చెప్పవద్దు, ఒక్కరికి చెప్పండి. పురుషులు పురుషునికి, స్త్రీలు స్త్రీకి. వయసులో పెద్దవారైతే మేలు, తాము పడి లేచినవారైతే మరీ మేలు. ఇతరుల రహస్యాలను మీ దగ్గర చెప్పే వ్యక్తిని ఎంచుకోవద్దు, ఎందుకంటే రేపు మీవి మరొకరి దగ్గర ఉంటాయి.

వారిని అడగవలసిన తీరు కూడా నేర్చుకోవాలి. "నాకోసం ప్రార్థించండి అన్నా" అని వదిలేయకుండా, "అన్నా, ప్రతి శనివారం సాయంత్రం నన్ను ఈ రెండు ప్రశ్నలు అడగండి" అని మీరే ప్రశ్నలు రాసి ఇవ్వండి. మొదటిది, నియమం తప్పావా? రెండవది, మొదటి ప్రశ్నకు నిజం చెప్పావా? మన అక్కచెల్లెళ్లకు ఈ తోడు ఇంకా అవసరం, ఎందుకంటే వారి శోధనల గురించి ప్రసంగాలలో ఎవరూ మాట్లాడరు. భర్తకు తెలియకుండా తెచ్చిన చీటీ అప్పు, వదినగారింటితో పోల్చుకుని కుమిలే అసూయ, ఒంటరితనంలో ఫోన్‌లో పెరిగిన పరిచయం, ఇవన్నీ నాలుగు గోడల మధ్యే పెరిగి పెద్దవవుతాయి.

మద్యం విషయంలో మాత్రం తోడు చాలదు. ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ, మతి భ్రమించడం జరగవచ్చు, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. ఉపవాస ప్రార్థనలో పెట్టి ఆకలితో ఉంచితే ఆ శరీరం తట్టుకోలేదు. ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లండి, లేదా జాతీయ మత్తు విముక్తి సహాయ నంబరు 14446కు ఫోన్ చేయండి. వైద్యుని దగ్గరకు వెళ్లడం విశ్వాసలోపం కాదు. సువార్త రాసిన లూకా వైద్యుడే.

ఆరవ మెట్టు: ఆ క్షణంలో

ఇంత చేసినా ఆ క్షణం వస్తుంది. అప్పుడు చేయవలసినవి తక్కువ. శోధనతో వాదించవద్దు, హవ్వ వాదించి ఓడిపోయింది. ముందు శరీరాన్ని ఆ చోటునుంచి లేపండి. వెలుతురులోకి, మనుషుల మధ్యకు నడవండి. నేర్చుకున్న వాక్యాన్ని పెదవులతో పలకండి. తోడుకు ఫోన్ చేయండి. కోరిక ఎంత బలంగా ఉన్నా అది కెరటంలా లేచి తగ్గుతుంది.

ఏడవ మెట్టు: పడిపోతే మొదటి రోజు

పడిన తరువాత వచ్చే రెండవ శోధన మొదటిదానికంటే ప్రమాదకరం, ఎందుకంటే అది భక్తి వేషంలో వస్తుంది. "నీకు ఏ ముఖం ఉందని ఆరాధనకు వెళ్తావు?" అంటుంది. మన సంఘాలలో చాలామంది ఒక పాపంవల్ల కాదు, ఆ పాపం తరువాత నాలుగు ఆదివారాలు మానేయడంవల్ల దూరమయ్యారు. ప్రభు బల్లకు అనర్హులమని నెలల తరబడి వెనుక వరుసలో కూర్చునేవారు 1 కొరింథీయులకు 11:28ని మళ్లీ చదవాలి. తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తినవలెను అని అక్కడ ఉంది. పరీక్షించుకుని దూరంగా ఉండమని లేదు.

కాబట్టి ఆ రోజే ఒప్పుకోండి. దేవుని ఎదుట పాపాన్ని దాని పేరుతోనే చెప్పండి, తోడుకు చెప్పండి, ఎవరికైనా నష్టం కలిగించి ఉంటే సరిచేయండి. మోషే ధర్మశాస్త్రంలో అన్యాయంగా తీసుకున్నదానికి అయిదవ వంతు కలిపి ఇవ్వాలని ఉంది, జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. నేను 4,000 తిరిగి పెట్టినప్పుడు లెక్క సరిపోయింది, నా లోపల మాత్రం సరిపోలేదు. రెండేళ్ల తరువాత సంఘపెద్దకు చెప్పి, 800 రూపాయలు కలిపి ఇచ్చి, లెక్క పుస్తకం అప్పగించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఒక్కరి చేతికి సంచి ఇవ్వడం మా తప్పు కూడా" అని, మరుసటి ఆదివారం నుంచి ఇద్దరి సంతకాల పద్ధతి పెట్టారు.

ఎనిమిదవ మెట్టు: ఎండిన కాలంలో నిలబడడం

శోధన లేకపోయినా విశ్వాసం ఎండిపోయే కాలాలు ఉంటాయి. ప్రార్థనకు జవాబు రాదు, నమ్మకంగా ఉన్నందుకు లాభం కనబడదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జూవెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలులోని కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి సేవకుడిని పంపమని ప్రార్థించారు. అప్పటికి నెల్లూరులో మిషన్ మొదలై 14 ఏళ్లయినా ఫలితం అతి స్వల్పం, దానిని మూసివేయాలా అన్న చర్చ కూడా అమెరికాలో జరిగింది. క్లౌ ఒంగోలు వచ్చేసరికి మరో 12 ఏళ్లు గడిచాయి.

ఆ తరువాత 1876 నుంచి 1878 వరకు మహాకరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి పని కల్పించాడు. వారిలో ఎందరో బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలికోసం, తిండికోసం వచ్చారన్న అనుమానానికి తావు లేకుండా, కరువు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం నిలిచిపోయాక కూడా వారు అడుగుతూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ బాప్తిస్మం ఇచ్చారు.

మీ ఎండిన కాలంలో ఈ ప్రశ్నను మీ నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకుని, ప్రభు బల్ల తీసుకునే ఆదివారానికి ముందు శనివారం రాత్రి జవాబు రాయండి: ప్రభువునుంచి నేను పొందుతున్న మేలు ఈ నెల ఆగిపోయినా, నేను నియమాన్ని నిలుపుకుంటానా? జవాబు "తెలియదు" అయితే అలాగే రాయండి. ఆ పేజీ తోడుకు చూపించండి. నియమం మరీ సులభమైపోయిందనిపిస్తే దానిని అలాగే ఉంచి, నోటుపుస్తకంలో ఖాళీగా వదిలిన పేజీ తెరిచి, తరువాతి నియమం అక్కడినుంచి మొదలుపెట్టండి.